వానకి ఉపవాసం, గురువారం శ్లాబు

ఈ మధ్య ప్లాస్టిక్ బకెట్లకి పిడి సరిగ్గా వేయడం లేదు. చూడ్డానికి బకెట్టు బ్రహ్మాండంగానే ఉంటుంది. మంచి రంగు, మూత, పక్కన పువ్వు బొమ్మ. నిండా నీళ్లు పట్టి ఎత్తారా, పిడి మీ చేతిలో ఉంటుంది, బకెట్టు నేల మీద ఉంటుంది. శ్రీకాకుళం బజారులో కొట్టు ఆయన్ని అడిగితే, "నిండా ఎత్తితే అలాగే అవుతుంది సార్" అన్నాడు. బకెట్టుని నిండా ఎత్తకూడదన్న సంగతి ఇంత వయసు వచ్చినా నాకు తెలియలేదు. "రిటైరైన పాస్టర్లు ప్రసంగాలు అచ్చు వేయించుకుంటారు, మీరు బకెట్ల మీద పరిశోధన పెట్టుకున్నారు" అంటుంది మా ఆవిడ. ఆవిడకి కారణం తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతాను. అందుకు ముందుగా ఒక చర్చి కప్పు గురించి చెప్పాలి.

పరిచర్యలో కొత్తగా అడుగుపెడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు నాకంటే బాగా చదువుకున్నారు. మూల భాషలు వచ్చు, ప్రొజెక్టరు పెట్టడం వచ్చు, మైకు కూతపెడితే ఏ మీట తిప్పాలో తెలుసు. కాంక్రీటు గురించి మాత్రం మీకు ఏ కళాశాలలోనూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు. నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, ఆ తర్వాత వేదాంతం చదివాను. అందువల్ల వాన ఎందుకు పడుతుందో నాకు రెండు రకాలుగా తెలుసు. ఎప్పుడు పడుతుందో ఏ రకంగానూ తెలియదు.

బొబ్బిలి పట్నం చర్చి నుంచి నాకు బదిలీ అయింది. అక్కడ ఫ్యాన్లు ఉండేవి, ఇస్త్రీ చొక్కాలతో ఆలస్యంగా వచ్చే సంఘం ఉండేది. కొత్త చోటు, ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం వైపు పోతే కాలువ గట్టు పక్కన తగిలే పల్లె. ఇక్కడ ఫ్యాను లేదు. సంఘం ఆలస్యంగా రావడమూ లేదు. ఆదివారం నేను పళ్లు తోముకుంటుంటే వాళ్లు వచ్చి కూర్చుని నా వైపు చూస్తుండేవారు.

చర్చి అంటే రేకుల షెడ్డు. దాన్ని తీసేసి శ్లాబు వేయాలని కంకణం కట్టుకున్న మనిషి ఒకావిడ ఉండేది. స్త్రీల సమాజానికి పెద్ద. ఊరంతా పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ని. చర్చి తూర్పు గోడని ఆనుకుని ఉన్న చిన్న పొలం చెక్క ఆవిడ కౌలుకి చేసుకునేది. నన్ను "అయ్యగోరూ" అని పిలిచి ఆ వెంటనే "నువ్వు" అనేది.

నేను రాకముందు ఆవిడ కూతురి పెళ్లి ఆ షెడ్డులోనే జరిగిందట. సరిగ్గా ప్రమాణాల వేళకి కుండపోత. రేకుల మీద ఆ మోతలో పెళ్లికొడుకు "ఒప్పుకుంటున్నాను" అన్నది ఒక్కరికీ వినపడలేదు. పైగా ఓ చిల్లులోంచి ధార కట్టి పెళ్లికూతురి నెత్తిన పడింది. ఇప్పటికీ ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడల్లా ఆ అల్లుడు, "నాను ఒప్పుకున్నట్టు సాచ్చికం ఎవులున్నారు?" అని అడుగుతాడట. మాట వినపడే కప్పు, నీరు కారని కప్పు చూసి గానీ కన్ను మూయనని పెద్దమ్మ ఆ రోజే అనుకుంది. మర్నాటి నుంచి పిడికెడు బియ్యం మొదలైంది.

పిడికెడు బియ్యం అంటే తెలియనివాళ్లకి: ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన సంచిలో వేస్తుంది. ఆదివారం ఆ సంచులన్నీ చర్చిలో ఉన్న డ్రమ్ములోకి వస్తాయి. సన్నాలు, దొడ్డు బియ్యం, రేషను బియ్యం అన్నీ ఒకే చోట. ఆమదాలవలస వర్తకుడు మొదటిసారి చెయ్యి పెట్టి చూసి, "ఏ రకం బియ్యమమ్మా ఇది?" అన్నాడట. "సంగం రకం" అంది పెద్దమ్మ. ఆవిడ ప్రతి వారం సంచి బరువు చేత్తో చూసి తీర్పు చెప్పేది. "ఒసే, నీ సెయ్యి గాని ఎండకి కుదించుకుపోనాదేటే? క్రిస్‌మస్‌కి గాజులు తొడిగినప్పుడు బాగానే ఉన్నాది గదా!" అలా ఏళ్ల తరబడి పోగైన బియ్యమే మెల్లగా సిమెంటుగా, ఇసుకగా, ఊచలుగా మారింది. కొందరి పిడికిళ్లు ఆ డ్రమ్ము దాకా వచ్చి, కప్పు చూడకుండానే సమాధిలోకి వెళ్లిపోయాయి. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి. నేను ఆ వారం గుర్తుపెట్టుకోలేదు.

నేను వెళ్లిన రెండో ఏడాదికి గోడలు లేచాయి, రేకులు విప్పేశాం, చెక్కలు బిగించి పైన ఊచలు కట్టారు. ఆరాధన పక్కనే కొబ్బరాకు పందిట్లో. శ్లాబు పోయడమే మిగిలింది. కాంక్రీటు కలిపే మిల్లరు యంత్రానికీ, కూలీలకీ గురువారం ఖాయం చేసుకున్నాం.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కాలువలో నీళ్లు లేవు. వరి నారు పోసిన ఆకుమళ్లు పసుపు రంగుకి తిరిగాయి. పెద్దమ్మ ఆకుమడి చర్చి గోడ నీడలో ఉండి కూడా ఎండిపోతోంది. ఇంకో వారం చూస్తే ఆ నారు పశువులకి వేయడమే. అప్పు చేసి మళ్లీ విత్తనం కొనే ఓపిక ఆవిడకి లేదు. కౌలు చెక్క చెయ్యి జారిపోతుంది. ఆదివారం వచ్చి, "అయ్యగోరూ, ఉపాసపార్దన పెట్టించు" అంది. పెట్టించాను.

అంటే ఆ ఆదివారం నేను రెండు ప్రకటనలు చదివాను. మొదటిది: సోమ, మంగళ, బుధవారాలు వాన కోసం ఉపవాస ప్రార్థన, సంఘమంతా పాల్గొనవలెను. రెండోది: గురువారం ఉదయం శ్లాబు పని, సంఘమంతా పాల్గొనవలెను. రెండు ప్రకటనల మధ్య నేను గుటక కూడా వేశాను. నాకేమీ తోచలేదు. అంతమంది రైతులు, రైతుకూలీలు ఎదురుగా కూర్చున్నారు, వాళ్లకీ తోచలేదు. ప్రార్థన ఒక గదిలోనూ, పని ఒక గదిలోనూ పెట్టుకుని మధ్య తలుపు వేసుకోవడం మన క్రైస్తవులకి బాగా అలవాటు. పైపెచ్చు ఆ రోజు ప్రసంగం బైబిల్లో కరువు తీర్చిన వానకి ముందు సముద్రం మీద లేచిన అరచేతి పాటి మబ్బు గురించి. వాన ప్రార్థనకి ఒక్క పిల్ల మాత్రమే గొడుగు తెచ్చిందనే కథ మీరందరూ ఏదో ఒక రోజు చెబుతారు. నేనూ చెప్పాను. బాగా చెప్పాను. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

మూడు రోజుల ఉపవాసం నిక్కచ్చిగా జరిగింది. బుధవారం సాయంత్రం పందిట్లో అందరూ గంజి తాగుతున్నారు. పెద్దమ్మ గ్లాసు నోటి దగ్గర ఆపి, పక్కనే ఉన్న ఊచల వైపు చూసింది.

"అయ్యగోరూ, రేపు వానొచ్చీసిందనుకో. శ్లాబేటవుతాది?"

ఆవిడ గాభరా పడుతోంది, ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. చెప్పాను.

"భయపడకు పెద్దమ్మా. రాదులే."

పందిట్లో గంజి జుర్రే చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నేనన్న మాట నా చెవిన కూడా అప్పుడే పడింది.

"రాదా?" అంది పెద్దమ్మ. "మూడు దినాలు మమ్మల్ని ఆకలికి మాడ్చీసి, ఇప్పుడు రాదంతావేటి?"

"అంటే, వస్తుంది. తప్పకుండా వస్తుంది. రేపు కాదు, ఎల్లుండి నుంచి అనుకో."

"ఎల్లుండని ఎవులు సెప్పినారు నీకు?"

నేను సంఘ పెద్ద వైపు చూశాను. ఆయన రైల్వేలో గేటుమన్‌గా చేసి రిటైరైన మనిషి, ఏదీ పద్ధతి తప్పనివ్వడు. "మనం ప్రార్థనలో రోజు ఏమైనా చెప్పామాండీ?" అని అడిగాను.

ఆయన కాస్త ఆలోచించి, "నేదండయ్యా. వెంటనే అన్నాం. మూడు దినాలూ వెంటనే అనే అన్నాం" అన్నాడు.

పని వాయిదా వేద్దామంటే మేస్త్రి ఒప్పుకోలేదు. అతను మా సంఘం మనిషి కాదు గానీ మా గోడలన్నీ అతని చేతి మీదే లేచాయి. గురువారం దాటితే మిల్లరు ఇంకో ఊరు వెళ్లిపోతుందన్నాడు. ఆకాశం వైపు చూసి, "వాన నేదు, గీన నేదు. నా పూచీ" అన్నాడు. ఆ మాటకి మేమందరం ఊరట పడ్డాం. మూడు రోజులు వాన కోసం ఉపవాసం ఉన్నవాళ్లం!

ఇక మిగిలింది, వాన పడితే శ్లాబుకి అడ్డం పట్టే టార్పాలిన్ పరదాల సంగతి. తెచ్చుకుంటే వాన వస్తుందని నమ్మినట్టు. తెచ్చుకోకపోతే దేవుడే శ్లాబుని కాపాడతాడని నమ్మినట్టు. రెండూ విశ్వాసమే. బాగా చర్చించి, అద్దె కట్టక్కర్లేని విశ్వాసాన్ని ఎంచుకున్నాం.

గురువారం!

శ్లాబు రోజు అంటే ఏమిటో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. పెళ్లికీ, జాతరకీ మధ్య ఉంటుంది. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచి నీరు దిగుతుంది. అందుకని ఊరు ఊరంతా వచ్చేస్తుంది. నేను ప్రార్థన చేశాను. ఆమెన్ అనగానే మేస్త్రి మిల్లరు వెనక్కి వెళ్లి టెంకాయ కొట్టుకున్నాడు. మా పెద్దలందరూ ఆ సమయానికి ఇసుక గుట్టని చాలా శ్రద్ధగా పరిశీలించారు. మధ్యాహ్నం చట్నీలో ఆ కొబ్బరి అందరూ తిన్నారు.

మిల్లరు గర్రుమంది. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు దాని కడుపులో పడి తిరుగుతుంటే భూమి అదిరింది. కింద నుంచి పైకి నిచ్చెన మెట్ల మీద వరసగా మనుషులు. తట్ట చేతిలోంచి చేతిలోకి ఎగిరిపోతోంది. ఆడవాళ్లు కొంగులు బిగించి పాట ఎత్తుకున్నారు. ఆరాధనలో మూడు చరణాలకే నీరసపడే సంఘం ఆ రోజు పదమూడో చరణం కట్టి పాడింది. తట్ట అందుకోవడానికి నేనూ వరసలో నిలబడ్డాను. నా పైమెట్టు మీద పెద్దమ్మ అల్లుడు. "అయ్యగోరూ, తట్ట అట్టుకోవాలండి, ఆశీర్వదించకూడదు" అన్నాడు. నా చేతుల తీరు అలా ఉందన్నమాట.

ఆ మధ్యాహ్నం మా ఒంట్లో ఉన్న ఉత్సాహం ఎలాంటిదంటే, మూడు రోజుల పస్తు ఎవరికీ గుర్తు లేదు. పడమటి గోడ నుంచి మొదలైన కాంక్రీటు తూర్పు వైపుకి పాకుతోంది. ఇంకో వరస పోస్తే సరి, ప్రసంగ వేదికకి పైన వచ్చే భాగం, అక్కడితో అయిపోతుంది. పెద్దమ్మ పైకి ఎక్కి, తడి శ్లాబు అంచున కూర్చుని దాన్ని పసిపిల్లని చూసినట్టు చూస్తోంది.

అప్పుడు కళింగపట్నం వైపు నుంచి చల్లటి గాలి వచ్చింది.

సముద్రం మీద మబ్బు లేచింది. ఆదివారం నేను ప్రసంగంలో చెప్పిన కొలతే. అరచెయ్యి. నేను నా అరచెయ్యి చాపి కొలుస్తుండగానే అది భుజం దాకా వచ్చేసింది.

"మేస్త్రీ!"

"ఒట్టి మబ్బండి" అన్నాడు మేస్త్రి. అతని చెంప మీద ఒక చుక్క పడింది. చెమట అనుకున్నట్టు తుడుచుకున్నాడు. రెండో చుక్క పడింది. ఈసారి తుడుచుకోలేదు. "కానీయండి, కానీయండి!" అని అరిచాడు. మిల్లరు ఇంకా గట్టిగా గర్రుమంది. ఆఖరి తట్టలు పరిగెత్తుకుంటూ పైకి వచ్చాయి. శ్లాబు పూర్తయింది. సరిగ్గా పూర్తయిన క్షణానికి మా నెత్తిన ఆకాశం నల్లగా నిలబడింది.

ఒక్క విషయం చెప్పాలి. పోసిన రోజు శ్లాబుకి వాన శత్రువు. సిమెంటు పాలలా కారిపోయి కంకర మిగులుతుంది. మర్నాటి నుంచి అదే వాన స్నేహితుడు. ఎంత తడిపితే అంత గట్టిపడుతుంది. ఒక్క పూట తేడా. మాకు ఆ పూట కావాలి.

సంఘ పెద్ద నా చెయ్యి పట్టుకున్నాడు. "పార్దన సెయ్యండయ్యా. వద్దనక్కర్నేదు. ఓ పూట గేటెయ్యమని అడగండి. శ్లాబు గట్టిపడ్డాక గేటు తీసెయ్యమందాం."

నేను ఆలోచించి, ఆ పని స్త్రీల సమాజానికి అప్పగించడం ఉత్తమం అనుకున్నాను. కష్టమైన ప్రార్థనలు సాధారణంగా అలాగే అప్పగిస్తాం. "పెద్దమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాను.

ఆవిడ నా వైపు తిరగనైనా తిరగలేదు. ఒక కన్ను శ్లాబు మీద, ఒక కన్ను గోడ కింద తన ఆకుమడి మీద.

"నాను సెయ్యను."

"పెద్దమ్మా, ఇన్నేళ్ల బియ్యం!"

"నాకు సెప్తావేటి బియ్యం సంగతి? ప్రతి పిడికిలీ నానెరుగుదును. మూడు దినాలు కడుపు మాడ్చుకుని రా రా అని పిలిసినాం. గుమ్మంలోకొచ్చాక పొమ్మని ఏ మొకంతో సెప్పమంతావు? రేపు మల్లీ పిలిస్తే వస్తాదేటి?"

"పోనీ" అన్నాడు అల్లుడు మెట్ల మీంచి, "ఆకుమళ్ల మీద పడి శ్లాబు మీద పడకుండా అడగండి."

"ఓరి నీ మొకం! ఆకుమడి గోడ పక్కనే ఉన్నాది. దేముడు గరిటెతో పోస్తాడేటిరా?"

ఇలా మేము తర్జనభర్జన పడుతుండగా కింద నుంచి కేక వినపడింది. చర్చికి ఎదురు పొలం రైతు. ఊళ్లో అమ్మవారి పండుగ జరిపించేది వాళ్ల కుటుంబమే. ధాన్యం మీద కప్పే పెద్ద పరదాలు రెండు ఎడ్లబండి మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. వెనక మరో పది మంది, వాళ్ల భుజాల మీద వెదురు గడలు.

"పాస్టరు బాబూ! ఏటి అలాగ సూస్తన్నారు? అందుకోండి! నిన్న మా పిల్లగుంటలు కప్పకి పెల్లి సేసి ఊరంతా తిప్పినారు. మీరు ఉపాసాలున్నారు. ఇద్దరూ ఒకేపాలి అడిగితే ఆడు మాత్రం ఏటి సేస్తాడు? కురిసీడమే!"

ఆయన పొలానికి కావలసింది వానే. మా కప్పుకి కావలసింది పరదా. ఆయన రెండూ కలిపి ఆలోచించాడు.

పరదాని తడి కాంక్రీటు మీద పరిస్తే అంటుకుపోతుంది. కాబట్టి ఎత్తి పట్టుకోవాలి. నాలుగు వైపులా గోడల మీద, పని కోసం కట్టిన సారవ బల్లల మీద మనుషులు నిలబడ్డారు. మధ్యలో అడ్డంగా వేసిన బల్లల మీంచి గడలతో ఎత్తారు. మా సంఘం, వాళ్ల వీధి, మిల్లరు కూలీలు అందరూ కలిసిపోయి, ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. నాకు తూర్పు మూల వచ్చింది, సరిగ్గా వేదిక మీది భాగం. నా పక్కన పెద్దమ్మ.

వచ్చింది. వచ్చిందంటే అలాగిలాగ కాదు! పరదా మీద డప్పులు వాయించినట్టు దరువు. నీళ్లు మధ్యలో కడుపులా దిగుతుంటే, పరదా కింద ఉన్నవాళ్లు "హైసా!" అని గడతో పొడిచి తూర్పు అంచుకి దొర్లిస్తున్నారు. ఆ అంచు మేము కాస్త వంచితే నీళ్లన్నీ ధారగా గోడ దిగి సరిగ్గా ఎక్కడ పడుతున్నాయో తెలుసా? పెద్దమ్మ ఆకుమడిలో! నీళ్లు తాగీ తాగీ, ఆ పసుపు నారు మా కళ్ల ముందే తలెత్తుతోంది. పొలాల్లోంచి అరుపులు. గట్ల మీద జనం పరిగెడుతున్నారు. కప్ప పెళ్లి చేసిన పిల్లలు కాలువలో గెంతుతున్నారు. ఎవరో డప్పు తెచ్చి కొడుతున్నారు. కాంక్రీటు పరదా కింద పదిలంగా ఉంది, నారు పక్కన తడిగా ఉంది. అల్లుడు అడిగిన అడ్డగోలు ప్రార్థన అక్షరాలా నెరవేరుతోంది!

పెద్దమ్మ అది చూసింది. చూసి, ఆ బక్క గొంతులోంచి ఊరు దద్దరిల్లేలా, "స్తోత్రం!" అని అరిచింది.

అన్నేళ్ల పరిచర్యలో ఎవరైనా అలా స్తోత్రం అంటే నేను చేసే పని ఒకటుంది. కళ్లు మూసుకుంటాను, రెండు చేతులూ పైకెత్తుతాను. మీరూ అంతే, నాకు తెలుసు. ఆ పని చేస్తున్నప్పుడు చేతుల్లో ఏముందో ఎవరూ చూసుకోరు.

చేశాను.

నేను కళ్లు తెరిచేసరికి నా మూల పరదా జారిపోయింది. కడుపు నిండా ఉన్న నీళ్లు ఆకుమడిలోకి కాక వేదిక మీది కాంక్రీటు మీద దబ్బున పడ్డాయి. సిమెంటు పాలలా కారింది. మేస్త్రి అప్పుడన్న మాటలు ఏ సంఘ పత్రికలోనూ అచ్చుకావు. అతను నన్ను పక్కకి తోసి, పెద్దమ్మ అల్లుణ్ని ఆ మూల నిలబెట్టాడు. నాకు గడ కూడా ఇవ్వలేదు. కిందకి దిగి, పందిట్లో టీ కాచేవాళ్ల దగ్గర నిలబడ్డాను. టీ గ్లాసు ఇచ్చిన ఆవిడ కూడా ముందు నా చేతుల వైపు చూసి ఇచ్చింది.

చీకటి పడే వేళకి వాన తెరిపిచ్చింది. మేస్త్రి ఆ మూల మళ్లీ సిమెంటు కలిపి రుద్దాడు. మర్నాటి నుంచి వారం రోజులు ఏకధాటిగా కురిసింది. శ్లాబు మీద నీళ్లు నిలపడానికి గట్లు కట్టే పని గానీ, తడిపే పని గానీ మాకు లేకుండా పోయింది. చెక్కలు విప్పిన రోజు సంఘమంతా కింద నిలబడి పైకి చూసింది. రాయిలా ఉంది. పెద్దమ్మ నారు ఆ ఏడు ఊరందరి కంటే ముందు తీతకి వచ్చింది, ఎదురు పొలం రైతుకి కూడా నాలుగు కట్టలు ఇచ్చింది. ప్రతిష్ఠకి వచ్చిన పైఅధికారి పాస్టరు గారి విశ్వాసాన్ని మైకులో చాలాసేపు మెచ్చుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మేస్త్రి దగ్గాడు.

మరుసటి ఆదివారం నేను ప్రసంగం మొదలుపెట్టాను. బయట చినుకులు. నా నెత్తిన టప్పుమని ఒక చుక్క పడింది.

మొత్తం కప్పులో ఇంకెక్కడా కారదు. ఆ ఒక్కచోటే. తారు పూశాం, మందు పూశాం, పైన పెచ్చు కొట్టి మళ్లీ వేయించాం. నీరు దారి మార్చుకునేది గానీ వేదిక దాటేది కాదు. నేను ప్రసంగం బల్లని ఎడమకి జరిపితే అదీ ఎడమకి వచ్చేది. చివరికి బకెట్టు పెట్టుకున్నాం. వానాకాలంలో మా సంఘం గడియారం చూడ్డం మానేసి బకెట్టు చూసేది. నిండిందంటే ఆమెన్ చెప్పాల్సిందే. నా ప్రసంగాలు ఆ ఊళ్లోనే పదునెక్కాయని తర్వాత అందరూ అన్నారు.

మీరు ఇందులోంచి పాఠం ఏమైనా అడుగుతారేమోనని చాలాసార్లు ఆలోచించాను. పరదా తెచ్చుకోండి అని చెప్పవచ్చు. కానీ మేము తెచ్చుకుని ఉంటే ఎదురు పొలం రైతు ఆ బండి తోలుకు వచ్చేవాడు కాదు. ఇప్పటికీ మా కప్పు కింద ఆయన ఇంటి పెళ్లిళ్లకి బియ్యం మూటలు దాచుకుంటారు, వాళ్ల అమ్మవారి పండుగ పందిరికి మా సంఘం గడలు వెళ్తాయి. ప్రకటనలు చదివే ముందు రెండూ కలిపి ఒకసారి చదువుకోండి అని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

పోయిన నెల ఆ చర్చి ప్రతిష్ఠ పండుగకి నన్ను పిలిచారు. అక్కడికి ఎప్పుడు వెళ్లినా నేను ఒక కొత్త బకెట్టు పట్టుకెళ్తాను. పూల బొమ్మ ఉన్నది కొన్నాను. ఇప్పుడున్న కుర్ర పాస్టరు చక్కగా ప్రసంగిస్తున్నాడు, వాన పడుతోంది, బకెట్టు నిండింది. ఆమెన్ అని, వంగి ఎత్తాడు. పిడి అతని చేతిలో ఉండిపోయింది. బకెట్టు వేదిక మీంచి దొర్లి, నీళ్లన్నీ ముందు వరసలో కూర్చున్న నా బూట్లలోకి వచ్చాయి.

నా పక్క కుర్చీలో పెద్దమ్మ. కళ్లు సరిగ్గా ఆనవు, చెవులు బాగానే పనిచేస్తాయి. నీళ్ల చప్పుడు విని నవ్వుకుంది. అందరూ భోజనాలకి లేచాక నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అయ్యగోరూ, ఒక మాట. నిన్ను అడగాలని ఎన్నాల్లో బట్టి ఉన్నాది. ఆ దినం పరదా ఒగ్గేసి సేతులెత్తినావు గదా. వాన రమ్మని ఎత్తినావా, ఆగమని ఎత్తినావా?"

అది అడగడం కాదు పెద్దమ్మా, కృతజ్ఞత అని మొదలుపెట్టాను. కృతజ్ఞత వాన వచ్చినందుకా, శ్లాబు తడవనందుకా అన్న చోటికి వచ్చి కాస్త ఆగాను. పైన చుక్క కూడి, జారి, కింద పడింది. ఆవిడ ఆ చప్పుడు విని తలూపింది.

"నీకే తెలీదు. అందుకే ఇంకా కారతన్నాది."